తుపాకీ మీద అంకె, తుపాకీ వయసు

త్రీ నాట్ త్రీ రైఫిల్‌ను బల్ల మీద పడుకోబెట్టి, బోల్టు పిడి మన వైపు వచ్చేలా తిప్పితే, చెక్క మడమ వెళ్లి ఇనుములో దిగబడే చోట రెండు వేళ్ల వెడల్పున ఒక ఇనుప కట్టు కనిపిస్తుంది. పాత తుపాకులు కొనేవాళ్ల కళ్లు ముందు వాలేది అక్కడే. నూనె మరకల కింద, అరిగిపోయిన నల్లరంగు కింద, పైనుంచి కిందికి వరుసగా ముద్రలు కొట్టి ఉంటాయి. పైన ఒక కిరీటం. దాని కింద ‘జి.ఆర్.’ అని రెండక్షరాలు. ఆ కింద ‘ఎన్‌ఫీల్డ్’ అని కర్మాగారం పేరు. దాని కింద 1917. అన్నిటికన్నా అడుగున పొడి అక్షరాల్లో తుపాకీ రకం, మూడో మార్కు అని చెప్పే మూడు నిలువు గీతలు, వాటి పక్కన బుల్లి నక్షత్రం. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాడు ఈ ఐదు వరుసలూ చదివి, ‘ఇది 1917 నాటి బ్రిటిష్ తుపాకీ, మొదటి ప్రపంచ యుద్ధం చూసింది’ అని తేల్చేస్తాడు. అమ్మినవాడూ అదే చెప్పి ఉంటాడు. ఆ మాటను అబద్ధమని కొట్టిపారేయలేం. కానీ ఆ ఐదు వరుసలూ సాక్ష్యం చెబుతున్నది తాము కూర్చున్న ఇనుప ముక్క, అంటే తుపాకీ బాడీ గురించి మాత్రమే. గొట్టం గురించి, బోల్టు గురించి, చెక్క గురించి, ఆ తుపాకీ ఏ యుద్ధం చూసింది, ఎవరి భుజాన వేలాడింది అన్న సంగతుల గురించి అవి ఒక్క ముక్కా చెప్పవు.

శాసనాలు చదివేవాళ్లకు ఈ చిక్కు పాతదే. గుడి మంటపంలో ఒక స్తంభం మీద శక సంవత్సరం కనిపిస్తే, అది ఎవరో గొర్రెలనో భూమినో దీపానికి దానమిచ్చిన సంవత్సరం. గర్భగుడి అంతకు రెండు వందల ఏళ్ల ముందుదై ఉండవచ్చు, గోపురం నాలుగు వందల ఏళ్ల తర్వాతిదై ఉండవచ్చు, ఆ స్తంభమే మరో పాడుబడ్డ గుడి నుంచి తెచ్చి నిలబెట్టినదీ కావచ్చు. ఆ ఒక్క అంకెతో గుడి మొత్తానికి వయసు కట్టే చరిత్రకారుణ్ణి చూసి తోటివాళ్లు నవ్వుతారు. తుపాకీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెద్ద పెద్ద సేకర్తలే ఆ పని చేస్తుంటారు. సైన్యం వాడిన రైఫిల్‌కు పుట్టిన తేదీ ఒకటి ఉండదనీ, ఒక్కో ముక్కకు ఒక్కో తేదీ ఉంటుందనీ, ఆ తేదీల వరుసను పట్టుకోవడమే దాని వయసు తెలుసుకోవడమనీ నా వాదం. ఇంకో మాట కూడా కలుపుతాను. ముద్రలు ఒక కథను కొట్టేయడానికి పనికొచ్చినంత బలంగా, ఆ కథను నిలబెట్టడానికి పనికిరావు.

ముందు ఆ తుపాకీ వంశం నాలుగు మాటల్లో. స్కాట్లాండులో పుట్టి అమెరికా ఖండంలో పనిచేసిన జేమ్స్ పారిస్ లీ అనే ఆయన రూపొందించిన బోల్టుకూ మ్యాగజైనుకూ విలియం మెట్‌ఫర్డ్ గీసిన గొట్టం గాడులను జతచేసి 1888లో బ్రిటిష్ సైన్యం లీ-మెట్‌ఫర్డ్‌ను తీసుకుంది. నల్లమందు పోయి కార్డైట్ అనే కొత్త మందు రాగానే, దాని వేడికి ఆ లోతు తక్కువ గాడులు త్వరగా అరిగిపోయాయి. ఎన్‌ఫీల్డ్ కర్మాగారం ఐదు లోతైన గాడులతో వేరే గొట్టం చేసింది. 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ అలా పుట్టింది. బోయర్ యుద్ధం తర్వాత పదాతికి ఒకటి, గుర్రపు దళానికి ఒకటి అనే తేడా తీసేసి అందరికీ ఒకే పొట్టి తుపాకీ అన్నారు. అది 1903 నాటి మాట. 1907లో మూడో మార్కు వచ్చింది. 25 అంగుళాల చిల్లర గొట్టం, పది తూటాల మ్యాగజైను, 0.303 అంగుళాల బోరు. మనవాళ్ల నోట ‘త్రీ నాట్ త్రీ’గా స్థిరపడిన పేరు ఈ చివరి అంకె నుంచి వచ్చిందే. 1916 జనవరిలో, యుద్ధపు తొందరలో, ఈ తుపాకీ నుంచి కొన్ని నగిషీలు ఊడబెరికారు. మ్యాగజైనుకు అడ్డంగా జరిపే రేకు పోయింది. చాలా దూరాన గుంపుల మీద కాల్చడానికి పక్కన బిగించిన గురి బిళ్ల పోయింది. గాలివాటుకు గురిని పక్కకు జరిపే మర పోయింది. ఆ పోయినవాటికి గుర్తే మార్కు పక్కన కొట్టిన నక్షత్రం.

ఇప్పుడు ముద్రల దగ్గరికి వద్దాం. కిరీటం కింది అక్షరాలు రాజు పేరు. ‘వి.ఆర్.’ అంటే విక్టోరియా, ఆమె 1901లో పోయింది. ‘ఇ.ఆర్.’ అంటే ఏడో ఎడ్వర్డ్, 1901 నుంచి 1910 దాకా. ‘జి.ఆర్.’ అంటే ఐదో జార్జి గానీ ఆరో జార్జి గానీ, కాబట్టి ఒక్క 1936 వదిలేస్తే 1910 నుంచి 1952 దాకా ఎక్కడైనా పడవచ్చు. ఇది తెలిసినవాడు ‘వి.ఆర్.’ కింద 1919 అని ఉన్న తుపాకీని చూడగానే పక్కన పెడతాడు. రాణి పోయిన పద్దెనిమిదేళ్లకు ఆమె పేరు ఎవరు కొడతారు? అలాంటివి ఖైబర్ కనుమ వైపు, దర్రా ఆదమ్ ఖేల్ వంటి ఊళ్లలో కొలిమి పెట్టుకున్న కమ్మరులు చేతితో చేసినవి. వాళ్లకు ఇంగ్లీషు అక్షరాలు బొమ్మలతో సమానం. అందుకే ‘ఎన్’ అక్షరం తిరగబడి ఉంటుంది, ‘ఎన్‌ఫీల్డ్’లో ఒక అక్షరం జారిపోతుంది. ఆ కమ్మరుల పనితనాన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. ఆకురాయితో, చిన్న కొలిమితో పేలే తుపాకీ చేసినవాడు మామూలువాడు కాడు. కానీ దాన్ని ఎన్‌ఫీల్డ్ పేరుతో అమ్మడం మోసమే.

ఇక్కడే తొందరపాటుకు ఇంకో గుంట ఉంది. ‘పొట్టి రైఫిల్ 1903లో వచ్చింది కాబట్టి దాని మీద విక్టోరియా పేరు ఉంటే దొంగదే’ అని సూత్రం కట్టేవాళ్లున్నారు. అది తప్పు. పాత పొడుగు తుపాకుల బాడీలను పారేయకుండా వాటికి పొట్టి గొట్టం, కొత్త చెక్క తొడిగి మార్చినవి చాలా ఉన్నాయి. వాటి కుడి పక్క ‘వి.ఆర్.’, 1890ల నాటి సంవత్సరం అలాగే నిలిచి, మార్చినట్టు చెప్పే ముద్ర వేరుగా పడుతుంది. ఆ తుపాకీ సిసలైనదే. రాణి పేరూ 1919 కలిస్తే అబద్ధం, రాణి పేరూ 1896 కలిసి పక్కన మార్పు ముద్ర కూడా ఉంటే నిజం. అంటే ఒక ముద్ర దానంతటది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. పక్కనున్న ముద్రతో పొసుగుతుందా లేదా అన్నదే ప్రశ్న.

మడమ దగ్గర ఉన్న సంవత్సరం బాడీది అన్నాం కదా. గొట్టానికి దాని తేదీ వేరే ఉంటుంది. గొట్టం బాడీలో బిగిసే చోట, ఎడమ పక్కన, చెక్క కాస్త పక్కకు తీస్తే నెలా సంవత్సరమూ కొట్టి ఉంటాయి, ‘8’ పక్కన ‘17’ అన్నట్టు. బాడీ 1917దై గొట్టం కూడా 1917దైతే అది మొదటి గొట్టమయ్యే అవకాశం ఉంది. గొట్టం 1941ది అయితే ఆ తుపాకీ మొదటి యుద్ధంలో కాల్చిన గొట్టం ఎప్పుడో తుక్కులోకి పోయిందన్నమాట. ఇది లోపం కాదు. గొట్టం అరిగేదే. వేల తూటాలు పోయాక గాడులు మొద్దుబారతాయి, గురి చెదురుతుంది, తుపాకులు బాగుచేసే ఆర్మరర్ దాన్ని విప్పి కొత్తది బిగిస్తాడు. చక్రం అరిగితే ఇరుసు పారేస్తామా? చెక్క ఇంకా త్వరగా పోతుంది. ముందు చెక్క పగులుతుంది, మడమ విరుగుతుంది, వానకు ఉబ్బుతుంది. బోల్టు మాత్రం ఎంతో కాలం ఉంటుంది గానీ అది ఒక్కో తుపాకీకి సరిచూసి బిగించేది, తూటా వెనుక ఖాళీ వెంట్రుకవాసి తేడా వచ్చినా ప్రమాదం. అందుకే బోల్టు పిడి వెనుక తుపాకీ సంఖ్య కొట్టి ఉంచుతారు. కొత్తగా కొన్నవాళ్లు ఆ ఖాళీని తెలిసినవాడి చేత కొలిపించకుండా పాత రైఫిల్‌లో తూటా పెట్టకూడదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ‘బాడీ మీద, బోల్టు మీద, గొట్టం మీద, గురి రేకు మీద, ముందు మూతి కప్పు మీద ఒకే సంఖ్య ఉంటే అన్నీ కలిసి పుట్టినవే కదా, ఇక వేరే తేదీలు ఎందుకు?’ అని. సేకర్తలు ధర పెంచేది ఈ సంఖ్యల పొందిక చూసే. ఈ అభ్యంతరంలో బలం ఉంది, ఎందుకంటే కర్మాగారంలో మొదటి రోజున నిజంగానే అన్నిటికీ ఒకే సంఖ్య కొట్టారు. కానీ మరమ్మతు చేసినవాళ్లూ అదే పని చేశారు. వేరే బోల్టు బిగించినప్పుడు దాని మీద పాత సంఖ్యను గీత కొట్టి, ఈ తుపాకీ సంఖ్య పక్కనే కొట్టడం డిపోల్లో రోజువారీ పని. అందువల్ల ఒకే సంఖ్య ఉన్న తుపాకీ ‘ఒక రోజున ఒకచోట ఈ ముక్కలన్నిటినీ ఒకటిగా లెక్కపెట్టారు’ అని చెబుతుంది. ఆ రోజు 1917లోనో 1954లోనో అది చెప్పదు. గీత కొట్టిన పాత సంఖ్య మసకగా కనిపిస్తే ఆ తుపాకీ చరిత్ర మీకు ఒక మెట్టు ఎక్కువే తెలిసినట్టు. దాన్ని లోపంగా చూసి ధర తగ్గించడం బజారు తెలివి. చరిత్ర తెలివి దాన్ని జాగ్రత్తగా ఫొటో తీసి పెట్టుకోమంటుంది. పైగా ఇవాళ ధర కోసమే సంఖ్యలు కొట్టేవాళ్లూ ఉన్నారు. అక్షరం అంచు పదునుగా ఉండి చుట్టూ ఇనుము అరిగి ఉంటే అనుమానించాలి.

సంఖ్యలను బట్టి సంవత్సరం చెప్పే పట్టికలు ఉండవా అని రెండో ప్రశ్న. అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిల్ విషయంలో ఆ పద్ధతి చాలావరకు సాగుతుంది, అక్కడ ఒక్కో కర్మాగారం సంఖ్యలు ఏళ్ల తరబడి పెరుగుతూనే పోయాయి. లీ-ఎన్‌ఫీల్డ్‌లో అలా కాదు. సంఖ్యలు ఒక హద్దు చేరగానే ముందు ఒక అక్షరం చేర్చి మళ్లీ మొదటినుంచి లెక్క. ఎన్‌ఫీల్డ్, బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, లండన్ స్మాల్ ఆర్మ్స్, ఆస్ట్రేలియాలో లిత్‌గో, మన ఇచ్ఛాపూర్, ఎవరి లెక్క వాళ్లది. అందువల్ల చిన్న సంఖ్య కనిపించగానే ‘తొలినాటిది’ అని మురిసిపోవడంలో అర్థం లేదు. కర్మాగారం పేరూ సంవత్సరమూ లేని సంఖ్య, ఊరి పేరు లేని ఇంటి నంబరులాంటిది.

భారతదేశానికి వచ్చేసరికి పొరలు ఇంకా దట్టమవుతాయి. దానికి కారణం ఇక్కడి ఇనుమూ వానా మాత్రమే కాదు, రాజకీయమూ ఉంది. 1857 తిరుగుబాటు అణిగాక సిపాయిల చేతికి కావాలనే గాడులు లేని నున్నని గొట్టం తుపాకులు ఇచ్చారు, తెల్ల పటాలాల చేతిలో మాత్రం గాడులున్నవి ఉంచారు. దూరం నుంచి గురి తప్పకుండా కొట్టే శక్తి ఒక పక్కకే ఉండాలన్నది లెక్క. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు తెల్ల సైనికుడు వదిలేసిన తరం తుపాకీ సిపాయికి దక్కుతూ వచ్చింది. 1914లో ఆ పొదుపు ఎదురు తిరిగింది. ఫ్రాన్సుకు వెళ్లిన భారతీయ పటాలాలు మార్సేల్స్ రేవులో దిగాక, అక్కడ సరఫరాలో ఉన్న కొత్త తూటాలకు సరిపడే రైఫిళ్లను అప్పటికప్పుడు వాళ్లకు మార్చి ఇవ్వాల్సివచ్చింది. కాబట్టి ఒక రైఫిల్ మీద సంవత్సరం 1908 అని ఉన్నంత మాత్రాన ఆ సంవత్సరమే అది సిపాయి చేతికి వచ్చిందనుకోవడానికి లేదు. తయారైన ఏడాదికీ చేతికందిన ఏడాదికీ మధ్య ఉన్న ఎడంలో ఒక పాలనా విధానం దాగి ఉంది. సేకర్తలకు ఇది పట్టదు గానీ, నాకు మటుకు ఈ తుపాకుల్లో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి ఇదే.

కలకత్తాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున, 18వ శతాబ్దం చివర కంపెనీవాళ్లు మందుగుండు కర్మాగారం పెట్టుకున్న ఇచ్ఛాపూర్‌లో 1904లో రైఫిల్ కర్మాగారం వెలిసింది. అక్కడి ముద్రల్లో ‘జి.ఆర్.’ పక్కన ‘ఐ’ చేరి ‘జి.ఆర్.ఐ.’ అయింది. ఆ ‘ఐ’ చక్రవర్తి అని చెప్పే లాటిన్ మాటకు పొడి అక్షరం. లండన్‌లో రాజు, ఇక్కడ చక్రవర్తి. ఇది కాక బ్రిటిష్ సర్కారు ఆస్తికి గుర్తయిన బాణం ముద్ర కింద ‘ఐ’ ఉంటే ఆ సరుకు భారత ప్రభుత్వానిదని అర్థం. ఈ రెండు ‘ఐ’లనూ కలిపేసి చదివి తికమక పడేవాళ్లు కోకొల్లలు. స్వతంత్రం వచ్చిన రెండు మూడేళ్లలో కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి, ఊరి పేరు స్థానంలో ‘ఆర్.ఎఫ్.ఐ.’ అని కర్మాగారం పొడి పేరు పడింది. తయారీ మాత్రం ఆగలేదు. బ్రిటన్ తన సైన్యానికి నాలుగో నంబరు రైఫిల్ ఇచ్చుకుని పాతదాన్ని వదిలేశాక కూడా ఇచ్ఛాపూర్ అదే మూడో మార్కును 1960ల దాకా చేస్తూ వచ్చింది. ఇక్కడి చేయి పడిన తుపాకీని ఒక్క చూపులో పట్టించే గుర్తు ఇంకోటి ఉంది. ముందు చెక్కలో, మ్యాగజైనుకు కాస్త ముందు, అడ్డంగా దూసుకుపోయిన ఒక మర. చెక్క చీలకుండా బిగించిన బందోబస్తు అది. గ్రెనేడ్లు విసరడానికి వాడిన తుపాకులకైతే ముందు చెక్క చుట్టూ తీగ చుట్టి ఉంటుంది, గొట్టం పగిలినా సిపాయి చేయి మిగలాలని.

ఇప్పుడు మొదట బల్ల మీద పెట్టిన తుపాకీకి మళ్లీ వద్దాం. ఇలాంటివి ఎన్నో బయట తిరుగుతున్నాయి కాబట్టి అలాంటిదొకటి అనుకుందాం. మడమ దగ్గర ఎన్‌ఫీల్డ్ 1917. బాడీ మీద ‘ఐ’ ఉన్న బాణం. గొట్టం మీద 1940ల తేదీ, దాని పక్కన సింహాల చిన్న తనిఖీ ముద్ర. ఎడమ పక్క మరమ్మతు ముద్ర ‘ఎఫ్.ఆర్.’, కింద 1950ల సంవత్సరం. ముందు చెక్కలో అడ్డమర. బోల్టు మీద గీత కొట్టిన పాత సంఖ్య, పక్కన కొత్తది. ఇప్పుడు చదవండి. బాడీ మొదటి యుద్ధంలో ఇంగ్లాండులో తయారైంది. ఏదో ఒక రోజున భారత ప్రభుత్వం ఖాతాలోకి వచ్చింది. రెండో యుద్ధకాలపు గొట్టం ఎక్కింది. ఆ గొట్టం స్వతంత్ర భారతంలో తనిఖీకి వచ్చింది, బహుశా తుపాకీ అంతా విప్పి బిగించిన ఆ మరమ్మతులోనే. దానికి ‘1917 నాటి బ్రిటిష్ రైఫిల్’ అని చీటీ రాయడం ఎంత సగం నిజమో, ‘1950ల భారతీయ రైఫిల్’ అని రాయడం కూడా అంతే సగం నిజం. ఈ రెంటిలో ఏదో ఒకటి తేల్చి చెప్పమని అడిగేవాళ్లకు నా దగ్గర సమాధానం లేదు. ఈ రూపంలో అది మరమ్మతు సంవత్సరానికి ముందు లేదు, అంతవరకు ఖాయం.

‘ముద్రల గొడవ ఎందుకు, ఆకారం చూస్తే చాలదా’ అనేది మూడో అభ్యంతరం. మ్యాగజైను మీద అడ్డరేకు ఉంటే నక్షత్రం లేనిది, లేకపోతే నక్షత్రం ఉన్నది అని ఒక తేలిక సూత్రం చెబుతారు. అడ్డరేకు జరిగే చీలిక బాడీలో లేకపోతే ఆ బాడీకి రేకు ఎప్పుడూ లేదన్నది నిజమే. కానీ చీలిక ఉన్నంత మాత్రాన రేకు ఉండేదని చెప్పలేం, పాత పద్ధతిలో చీల్చిన బాడీలకే నక్షత్రం కొట్టి రేకు లేకుండా పంపినవి ఉన్నాయి. చీలిక ఉన్నదానికి ఇవాళ ఎవరైనా ఒక రేకు కొని దూర్చవచ్చు. లేనిదాన్ని బట్టి కొట్టేయగలం, ఉన్నదాన్ని బట్టి నిలబెట్టలేం. మొదట కలిపిన ఆ ఇంకో మాట ఇదే.

ఆకారం మోసం చేసిన సంగతికి ఇచ్ఛాపూర్ 2ఎ మంచి ఉదాహరణ. 1962 చైనా యుద్ధం తర్వాత కొత్త 7.62 తూటాకు సరిపడా, గట్టి ఉక్కుతో ఇచ్ఛాపూర్ ఈ రైఫిల్‌ను కొత్తగా తయారుచేసింది. చూడ్డానికి అచ్చు మూడో మార్కే. అందుకే పాత త్రీ నాట్ త్రీనే మార్చారని చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. పలకలుగా ఉండే పన్నెండు తూటాల మ్యాగజైను దాన్ని పట్టిస్తుంది. మొదట్లో వెనక గురి మీద పాత అలవాటు కొద్దీ 2000 దాకా అంకెలు ఉండేవి, తర్వాత 800కు తగ్గించి దాన్ని 2ఎ1 అన్నారు. ఇవి విదేశాలకు మిగులు సరుకుగా వెళ్లాక కొందరు వ్యాపారులు గొట్టం కోసి, మూతికి గరాటులాంటిది తగిలించి ‘జంగిల్ కార్బైన్’ పేరుతో అమ్మారు. అసలు జంగిల్ కార్బైన్ ఐదో నంబరు రైఫిల్. 1944 నుంచి 1947 దాకా ఇంగ్లాండులోనే తయారైంది, త్రీ నాట్ త్రీ తూటా తప్ప ఇంకోటి పట్టదు. ఇంకో పక్క, పాత .303లను గాడులు తొలిచేసి, మ్యాగజైనులో చెక్క దిమ్మ బిగించి, ఒక్కో తూటా పెట్టి కాల్చే .410 మస్కెట్లుగా మార్చి పోలీసులకూ కాపలాదారులకూ ఇచ్చారు. మళ్లీ నున్నని గొట్టమే. 1857 నాటి అనుమానం ఇనుములో ఎంత కాలం బతికిందో చూడండి.

తెలుగు నేల మీద ఈ పద్ధతి పరీక్షకు నిలబడేది రెండు చోట్ల. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి అల్లూరి సీతారామరాజు దళం 26 తుపాకులు పట్టుకెళ్లిందని చరిత్ర. తీసుకెళ్లినవాటిని స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాడని కూడా చెబుతారు. ఎవరైనా ఒక తుపాకీ చూపించి ‘ఇది ఆ దాడుల్లో రామరాజు దళానికి చిక్కింది’ అంటే, బాడీ మీద 1922 తర్వాతి సంవత్సరం ఉంటే ఆ మాట అక్కడితో సరి. అంతకు ముందుదైతే? అప్పుడూ ఏమీ రుజువు కాదు, అలాంటివి మద్రాసు ప్రెసిడెన్సీలో వేలకు వేలు ఉండి ఉంటాయి. దాన్ని దళంతో కలపాలంటే స్టేషన్ లెక్కల్లో సంఖ్య దొరకాలి. రెండోది తెలంగాణ సాయుధ పోరాటం. 1948 సెప్టెంబరు పోలీసు చర్యకు ముందే రజాకార్ల నుంచి గుంజుకున్నదని చెప్పే తుపాకీ బాడీ మీద సింహాల కింద ‘ఆర్.ఎఫ్.ఐ.’ ఉంటే ఆ కథ నిలవదు. అయితే పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది కాబట్టి, చివరి రోజుల్లో భారత సైన్యం నుంచో పోలీసుల నుంచో వచ్చిందంటే తోసిపుచ్చలేం. సింహాలు బాడీ మీద కాక గొట్టం మీద తనిఖీ ముద్రగా మాత్రమే ఉంటే లెక్క మళ్లీ మారుతుంది, ఎందుకంటే 1948లో ఊళ్లో ఉన్న తుపాకీయే తర్వాత సర్కారు చేతికి చిక్కి, డిపోలో ఆ ముద్ర వేయించుకుని ఉండవచ్చు. ఒకే బొమ్మ, రెండంగుళాల తేడా, రెండు వేరు తీర్పులు.

‘ఇన్ని తేదీలు పట్టుకుని ఏం చేయను, చట్టం ఒకే తేదీ అడుగుతుంది కదా’ అని అమెరికాలో ఉన్న తెలుగు సేకర్త అడగవచ్చు. నిజమే. అక్కడి కేంద్ర చట్టం 1898, అంతకు ముందు తయారైనదాన్ని పురాతన వస్తువుగా వదిలేస్తుంది, అందుకు బాడీ తయారైన ఏడాదే లెక్క. రాష్ట్రాల చట్టాలు వేరే చూసుకోవాలి. మన దేశంలో .303 నిషిద్ధ బోరు, 1959 ఆయుధాల చట్టం కింద మామూలు లైసెన్సుకు అందదు, కాబట్టి ఇక్కడి మనిషికి ఇది మ్యూజియం అద్దం వెనుక చూసే వస్తువే. చట్టానికి ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, అది బాడీ దగ్గర గీసింది. చరిత్రకు ఆ ఇబ్బంది లేదు. ఇలా చదివితే చివరికి ఏదీ తేలదన్న నింద కూడా నేను ఒప్పుకోను. ‘దీనికి ముందు కాదు’ అన్నది ఒక్కో ముక్క విషయంలోనూ గట్టిగా తేలుతుంది. తేలనిది ఒక్కటే, వీరగాథ. అది ముద్రల పని కాదు, స్టేషన్ రిజిస్టర్ల పని, డిపో లెక్కల పని.

ఉత్తరప్రదేశ్ పోలీసులు ఈ రైఫిల్‌కు వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినాన. ఇంకా ఎన్నో పోలీసు ఆయుధ గదుల్లో, ఎన్‌సీసీ ఆయుధాగారాల్లో ఇవి మిగిలి ఉంటాయి. కొన్ని తుక్కుకు పోతాయి, కొన్ని అద్దాల పెట్టెల్లోకి ఎక్కుతాయి. పెట్టెలోకి ఎక్కించే ముందు మెరుగు పెట్టించాలని ఎవరికైనా బుద్ధి పుడితే, మడమ దగ్గరి ఇనుప కట్టు మీదా, గొట్టం మొదట్లో ఎడమ పక్కా, బోల్టు పిడి వెనుకా మాత్రం గరుకు కాగితం పెట్టకండి. పొడి గుడ్డతో తుడిచి, ముద్రలన్నీ ఒక్కొక్కటిగా ఫొటో తీసి, చీటీ మీద ఒక సంవత్సరం కాకుండా కనిపించిన సంవత్సరాలన్నీ రాయండి.